ముందు గోడను ఆరనివ్వండి

పాత ఇంటిని సొంతంగా బాగుచేసుకోవాలంటే పనిముట్ల కన్నా ముందు తీరిక కావాలి. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా వేసే ప్రతి పూతా డబ్బుతో పాటు గోడనూ తినేస్తుంది.

యాభై అరవై ఏళ్ళు దాటిన ఇల్లు ఏదైనా చూడండి. నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా గోడ మీద రంగు బుడగలు లేచి ఉంటుంది. చేత్తో తడిమితే పొట్టు రాలుతుంది, వేళ్ళకు తెల్లటి ఉప్పు అంటుకుంటుంది. కొన్ని ఊళ్ళలో దాన్ని నెమ్ము అంటారు, కొన్నిచోట్ల గోడకు చౌడెక్కింది అంటారు. పండగ దగ్గర పడ్డాక మేస్త్రిని పిలుస్తారు. ఆయన పెచ్చులు కొట్టేసి, సిమెంటూ ఇసుకా కలిపి గట్టిగా పూసి, పైన పుట్టీ పెట్టి, రంగు వేయిస్తాడు. పండక్కి ఇల్లు కళకళలాడుతుంది. రెండో వానాకాలం దాటేసరికి అదే గోడ మళ్ళీ పొంగుతుంది. ఈసారి మూడడుగుల దగ్గర ఆగదు, నాలుగున్నర అడుగులకు ఎక్కుతుంది. మళ్ళీ మేస్త్రి, మళ్ళీ సిమెంటు. ఇప్పుడు డ్రిల్లింగ్ మిషన్లూ వాటర్‌ప్రూఫ్ డబ్బాలూ ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తున్నాయి, చూసి నేర్చుకోవడానికి వీడియోలున్నాయి, సొంతంగా చేసుకుందామన్న ఉత్సాహమూ ఉంది. ఆ ఉత్సాహం మంచిదే. కానీ మేస్త్రి చేసిన పనినే మనమూ చేస్తే ఫలితమూ అదే వస్తుంది.

ఇలా ఎందుకు జరుగుతోంది? పనితనం లోపమనుకుని మేస్త్రిని మారుస్తాం, సిమెంటు కంపెనీని మారుస్తాం, రంగు మారుస్తాం. చాలా ఇళ్ళలో అసలు లోపం తొందర. పాత గోడ ఎక్కడ తడుస్తోందో కనిపెట్టడానికి ఒక వానాకాలం కావాలి. తడిసింది ఆరడానికి ఒక వేసవి కావాలి, ఒక్కోసారి రెండు. ఆరాక వేసే సున్నపు పూతకు పొరకూ పొరకూ మధ్య రోజుల తరబడి ఆగాలి. చదరపు అడుగుకు ఇంత అని బేరం కుదుర్చుకుని, పది రోజుల్లో మరో ఇంటికి వెళ్ళవలసిన మేస్త్రికి ఆ వ్యవధి ఉండదు. అది ఆయన తప్పు కాదు, కూలి లెక్క అలా ఉంది. ఆ వ్యవధి ఉన్నది ఆ ఇంట్లో కాపురముండే మనిషికే. అందువల్ల పాత ఇంటి విషయంలో సొంతంగా చేసుకోవడాన్ని కేవలం డబ్బు మిగుల్చుకునే ఉపాయంగా చూడకూడదు. చాలా పనులకు అదే సరైన పద్ధతి. కొన్నిటికి మాత్రం ఎంతమాత్రం పనికిరాదు.

సిమెంటుకు ముందటి గోడలు

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. మన దేశంలో 1904లో మద్రాసులో దాని తయారీకి ఒక ప్రయత్నం జరిగింది. 1914లో పోరుబందరు కర్మాగారంతో పరిశ్రమ నిలదొక్కుకుంది. పల్లెటూరి ఇంటికి సిమెంటు బస్తా చేరడానికి ఆపైన ఎన్నో ఏళ్ళు పట్టింది. అంతదాకా గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళయినా, రాయలసీమ రాతి మిద్దెలయినా, హైదరాబాదు పాతబస్తీ దేవిడీలయినా సున్నంతోనో మట్టితోనో కట్టినవే. గోడ మందం అడుగున్నర, రెండడుగులు. పునాది మీద నెమ్ము పైకి ఎక్కకుండా ఇప్పుడు వేసే అడ్డుపొర వాటికి సాధారణంగా ఉండదు. నేలలో తడి కొంత గోడలోకి ఎక్కుతుందనీ, ఎక్కింది ఎండకూ గాలికీ బయటికి పోతుందనీ లెక్క వేసుకునే వాటిని కట్టారు. ఆ లెక్కకు ఆధారం సున్నం. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలినదాన్ని నీటితో తడిపి, ఇసుక కలిపి గోడకు పూస్తే, గాలిలోంచి అదే వాయువును మెల్లగా తిరిగి తీసుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. అలా గట్టిపడిన పూతలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, ఆవిరికి దారి ఉంటుంది. సన్నటి పగుళ్ళు వస్తే నీటిలో కరిగిన సున్నం వాటిలోకి చేరి, గట్టిపడి, తనంతట తానే పూడుస్తుంది కూడా.

ఇలాంటి గోడకు సిమెంటు పూయడమంటే తడిబట్టను ఇనప్పెట్టెలో పెట్టి మూత వేయడమే. నేలలోంచి వచ్చే నీరు ఆగదు. ఆరే దారి మాత్రం మూసుకుపోతుంది. కింది మూడడుగులూ మూసుకుపోయాక ఆ నీరు ఆరే చోటు వెతుక్కుంటూ పైకి పాకుతుంది. ఏటేటా నెమ్ము గీత పైకి ఎక్కడానికి కారణం ఇదే. నీటితో పాటు నేలలోని లవణాలూ వస్తాయి, సిమెంటులోని కరిగే లవణాలూ వాటికి తోడవుతాయి. నీరు ఆరిన చోట ఆ ఉప్పు స్ఫటికాలుగా పెరిగి, ఇటుకను లోపలి నుంచి పొడి చేస్తుంది. సిమెంటు ఇటుక కన్నా గట్టిది. గోడ కదిలినప్పుడు అది వంగదు, పగులుతుంది. ఆ పగులులోంచి వాననీరు లోపలికి దిగుతుంది కానీ అదే దారిన ఆరి బయటికి రాలేదు. అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు దూలాల కొసలు. దూలం గోడలో కూర్చున్న చోట తడి నిలిస్తే టేకైనా సరే కుళ్ళుతుంది, చెద పడుతుంది. పై నుంచి చూస్తే దూలం నిక్షేపంగా ఉంటుంది. సూదిగా ఉన్న మేకుతో కొసను గుచ్చి చూస్తేనే లోపల ఏముందో తెలుస్తుంది.

ఇందుకు హైదరాబాదులోనే పెద్ద రుజువు ఉంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పరిరక్షణ పనిలో ఆగాఖాన్ సంస్థ నిపుణులు ఎక్కువ శ్రమ పెట్టిన పనుల్లో ఒకటి, ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతు పేరుతో పూసిన సిమెంటును గుమ్మటాల మీద నుంచీ గోడల మీద నుంచీ తొలగించి, మళ్ళీ సున్నం వేయడం. నాలుగు వందల ఏళ్ళ కట్టడాలకు చెల్లిన సూత్రం తొంభై ఏళ్ళ పెంకుటింటికి చెల్లకపోదు. గోడ పెద్దదైనా చిన్నదైనా నీరు నడిచే తీరు ఒకటే.

నీటి జాడ

కాబట్టి సొంతంగా చేసే మొదటి పని ఉలీ సుత్తీ పట్టుకోవడం కాదు. వాన పడుతుండగా గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగడం. పాత ఇళ్ళకు ఈ ముప్పై నలభై ఏళ్ళలో నెమ్ము ఎక్కువైందంటే చాలావరకు కారణం ఇంటి వయసు కాదు, చుట్టూ జరిగిన మార్పులు. మొదటిది వీధి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా పైనే పొర వేస్తారు. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్ళిన అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానంగా ఉంటుంది, కొన్ని వీధుల్లో రోడ్డే ఎత్తయింది. ఇంటి లోపలి నేల కన్నా బయటి నేల కనీసం అరడుగు పల్లంగా ఉండాలన్న చిన్న నియమం అలా తప్పిపోయింది. రెండోది వాకిలీ పెరడూ. మట్టి వాకిలిలో నేల తడి అక్కడే ఆరిపోయేది. బురద లేకుండా ఉంటుందని గోడ వార దాకా సిమెంటు చేయించాక ఆ తడికి మిగిలిన దారి గోడ ఒక్కటే. మూడోది స్నానాల గది. దొడ్లో ఉండే నీళ్ళ వాడకం అటాచ్డ్ బాత్‌రూం రూపంలో ఇంటి నడిమధ్యకు వచ్చింది. మట్టి అడుసుతో కట్టిన గోడకు ఆనుకుని రోజూ బకెట్ల కొద్దీ నీళ్ళు పడుతుంటాయి, టైల్స్ సందుల్లోంచి దిగిన నీరు పక్క గదిలో తేలుతుంది. పైపు ఎక్కడో కారుతోందని గోడ చెబుతుంటే మనం రంగును నిందిస్తాం.

నాలుగోది పైకప్పు మీద ట్యాంకు. వెయ్యి లీటర్ల నీళ్ళంటే టన్ను బరువు. మద్రాసు టెర్రస్ అనే పాత మిద్దెల్లో టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పోసి దిమ్మిసతో కొట్టేవారు. ఒకే చోట టన్ను బరువు మోయడానికి కట్టినవి కావవి. ట్యాంకు బరువుకు దూలం కొద్దిగా వంగినా పై పొర చిట్లుతుంది, దానికి తోడు పొంగిపోయే ట్యాంకు నీరు ఆ చిట్లిన చోటే నిలుస్తుంది. రాయలసీమ మట్టి మిద్దెల మీద చౌడుమట్టి పరిచేవారు. తొలకరికి ముందు ఆ మట్టిని సరిచేసి, వాలు చూసుకుని, తూములు శుభ్రం చేసుకోవడం ఇంటి పనుల్లో ఒకటిగా ఉండేది. ఆ పని ఆగాక మిద్దె కారింది. కారింది కాబట్టి దాని మీద సిమెంటు పోశారు. పోసిన బరువుకు దంతెలు వంగాయి. పెంకుటిళ్ళలో సమస్య ఇంకా తేలిక. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో మొదలుపెట్టిన కర్మాగారంతో వ్యాపించిన పెంకులే మన కోస్తా ఊళ్ళలో బెంగుళూరు పెంకులయ్యాయి. వాటిలో పగిలినవి నాలుగైదు మార్చి, వరస జారినవి సర్ది, చూరు పట్టున పేరుకున్న ఆకుల చెత్త తీసేస్తే సగం కారడం ఆగుతుంది. ఆ పెంకుల కిందే వాసాల్లో చెద ఉందో లేదో కనిపిస్తుంది. పైకి ఎక్కేటప్పుడు మాత్రం పెంకు మీద కాలు పెట్టకుండా నిచ్చెనను వాసాల మీద ఆనించుకోవాలి, తడి ఉన్నప్పుడు ఎక్కకూడదు.

చూసి తేల్చలేని చోట చిన్న పరీక్షలు చాలు. అనుమానమున్న చోట అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగువైపులా గాలి చొరకుండా టేపుతో అతికించి, రెండు రోజులు వదిలేయండి. కాగితం బయటివైపు చెమర్చితే అది గదిలోని ఆవిరి, కిటికీలు తెరిస్తే పోతుంది. గోడవైపు చుక్కలు కడితే తడి గోడలోంచి వస్తోంది. వేలి కణుపుతో పూత మీద తడుతూ పోతే గట్టిగా పట్టుకున్న చోట ఒక శబ్దం, గోడను వదిలేసిన చోట డొల్ల శబ్దం వినిపిస్తాయి. డొల్ల ఉన్నంతమేర పెన్సిలుతో గీత గీసుకుంటే పని ఎంతో తెలుస్తుంది, అనవసరంగా గోడంతా కొట్టకుండా ఆగవచ్చు. నీరు వచ్చే దారి దొరికాక మూయడం చాలాసార్లు పలుగూ పారతో అయ్యే పనే. గోడ వార సిమెంటును రెండడుగుల వెడల్పున తీసేసి, పునాది లోతు దాటకుండా చిన్న కాలువలా తవ్వి, కంకర నింపి, నీరు వీధి వైపో పెరటి వైపో పోయేలా వాలు పెడితే ఎన్నో గోడలు మరే మందూ లేకుండానే తేరుకుంటాయి.

తేరుకోవడానికి గడువు కావాలి. తడిసిన గోడ అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన అడుగున్నర గోడకు ఏడాదిన్నర. మన ఎండలకు కొంత ముందే ఆరవచ్చు కానీ పది రోజుల్లో మాత్రం ఆరదు. ఆ మధ్యకాలంలో గోడ అందవికారంగానే ఉంటుంది, ఉప్పు పూస్తుంది. పూసిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, ఊడ్చి బయట పారేయాలి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పెళ్ళి ఉంది, గృహప్రవేశం ఉంది, ఇంతకాలం ఆగలేం అంటే ఆ గోడకు పలుచటి సున్నం కొట్టి సరిపెట్టుకోవడం మేలు. పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేస్తే పడిన శ్రమంతా వృథా.

పగుళ్ళ విషయంలో ఈ ఓపిక మరీ ముఖ్యం. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద కట్టిన ఇంటి గోడ కూడా ఏడాదిలో ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. మే నెలలో నోరు తెరిచిన పగులును చూసి, అందులో గట్టి సిమెంటు కుక్కితే, ఆగస్టులో గోడ మూసుకోబోయి మూసుకోలేక పక్కన కొత్త పగులు పెడుతుంది. అందుకని పగులు రెండు కొసలా పెన్సిలు గీత పెట్టి తేదీ వేయాలి. పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలకను రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించాలి. పలక పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. ఏడాది పాటు చూశాక కదలని పగులును సున్నంతో పూడ్చుకోవచ్చు. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగే పగులు, పెన్సిలు దూరేంత వెడల్పైన పగులు, నెలనెలా గీత దాటే పగులు మనం చేసే పనులు కావు. ఇంజనీరును పిలవాలి. పిలిచినప్పుడు ఆ తేదీల గీతలు చూపిస్తే ఆయన సగం రోగం అక్కడే తేలుస్తాడు.

సున్నం కలపడం

ఇక పూత. పల్నాడులో పిడుగురాళ్ళ పేరు చెబితే సున్నం బట్టీలు గుర్తొస్తాయి. రాతి సున్నం దొరకని పరిస్థితి మనకింకా రాలేదు. దాన్ని తడిపే పని ఇంటిదగ్గర చేసుకోవచ్చు కానీ చాలా జాగ్రత్తగా చేయాలి. ఇనప డ్రమ్ములో ముందు సగానికి నీళ్ళు పోసి, కాల్చిన సున్నపురాళ్ళను కొద్దికొద్దిగా నీళ్ళలో వేయాలి. రాళ్ళ మీద నీళ్ళు పోయకూడదు. రాయి నీటిలో పడగానే సన్నగా బుసకొడుతుంది, పెళ్ళలు విడిపోతాయి, నిమిషాల్లో డ్రమ్ము కుతకుతలాడి తెల్లటి ఆవిరి లేస్తుంది. అందులో ఒక్క చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్ళజోడు, రబ్బరు చేతొడుగులు, ఒళ్ళంతా కప్పే బట్టలు లేకుండా దగ్గరికి వెళ్ళకూడదు, పిల్లలను ఆ చుట్టుపక్కలకే రానివ్వకూడదు. చల్లారాక పైన వేలెడు నీరు నిలిచేలా ఉంచి, కొన్ని వారాలు నానబెడితే వెన్నలాంటి ముద్ద తయారవుతుంది. అది నీటి కింద ఎంతకాలమున్నా చెడిపోదు, ఇంకా మెరుగవుతుంది. ఒకటికి మూడు పాళ్ళు జల్లించిన ఇసుక కలిపితే సాధారణ పూత. తడి తగిలే కింది భాగానికి ఇసుకలో కొంత బదులు మెత్తటి ఇటుక పొడి, అదే సుర్కీ, వేయాలి. ఉత్త సున్నం గట్టిపడటానికి గాలి కావాలి. కాలిన మట్టి తోడైతే తడిలోనూ పట్టు వస్తుంది. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలపడం మనవాళ్ళ పాత పద్ధతి. అవి పనికొస్తాయి, కానీ గోడను బాగా తడిపి, పలుచటి పొరలుగా, ఒక్కొక్కటి అర అంగుళం దాటకుండా పూసి, తడి గోనెపట్టాలు కప్పి నీడన ఆరబెట్టడం అంతకన్నా ముఖ్యం. సిమెంటు పూత కొట్టేసేటప్పుడు దానితో పాటు ఇటుక ముఖం ఊడి వస్తుంటే అక్కడితో ఆపేయాలి. పట్టుకున్న చోట దాన్ని అలా వదిలేసి, వదిలేసిన చోటనే సున్నం వేయడం నష్టాన్ని తగ్గిస్తుంది.

సున్నం బలహీనమైనది కదా అని సందేహం వస్తుంది. చార్మినారు 1591 నాటిది. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది, అప్పటికి మన దేశంలో సిమెంటు తయారీయే లేదు. గోడకు కావలసిన బలం ఇటుకకు సాటి వచ్చేంతే. అంతకు మించితే భారం ఇటుక మీద పడుతుంది. రెండో సందేహం, సున్నపు పూత కూడా ఊడుతోంది కదా అని. ఉప్పెక్కిన గోడ మీద మొదటి పూత ఒకటి రెండేళ్ళలో ఊడవచ్చు, నిజమే. ఉప్పును తనలోకి లాక్కుని, ఇటుకకు బదులు తాను పాడవడమే ఆ పూత చేసే మేలు. ఊడాక గీకి, ఇంకో పొర వేసుకోవాలి. సున్నం పని తెలిసిన మేస్త్రులు దొరకడం లేదన్నది మూడోది, అన్నిటికన్నా న్యాయమైనది. దొరికేవారు తక్కువే, వారి కూలీ ఎక్కువే. కానీ ఇటుకలు పేర్చడానికీ దూలం మార్చడానికీ కావలసినంత నేర్పు పూతకు అక్కర్లేదు. నున్నటి అద్దపు మెరుగు రాకపోయినా తడి పోయే పూత పూయడం కొన్నాళ్ళ సాధనతో వస్తుంది. సున్నం కొట్టడం అంతకన్నా సులువు.

అన్ని పాత ఇళ్ళూ సున్నపువి కావు అనేవారి మాట వినవలసిందే. 1970ల తర్వాత కట్టిన స్లాబు ఇళ్ళు ఇప్పుడు పాతవే. వాటి జబ్బు వేరు. తాజా కాంక్రీటులో క్షారం ఎక్కువ, ఆ క్షారమే లోపలి ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. ఏళ్ళ తరబడి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరేకొద్దీ ఆ క్షారం తగ్గుతుంది. ఏ వాయువు తాకి సున్నం రాయిగా మారుతుందో అదే వాయువు తాకి స్లాబులో ఇనుము రక్షణ కోల్పోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి ఈ పనిని ఇంకా తొందర చేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము తన అసలు పరిమాణానికి రెండు మొదలు ఆరు రెట్లు ఉబ్బి, కింది పెచ్చును తోసేస్తుంది. సన్‌షేడ్ కింద పెచ్చు ఊడి చువ్వ కనిపిస్తే దాని మీద సిమెంటు మెత్తి రంగు వేయడం కింద ఉన్నవారి ప్రాణంతో చెలగాటం. చువ్వ వెనక దాకా వదులు కాంక్రీటు తీసేసి, తుప్పు గీకి, ఇనుముకు రక్షణ పూత పూసి, పాలిమర్ కలిపిన మోర్టారు వేయాలి. గజం పొడవు సన్‌షేడ్‌కు ఇది ఓపికమంతుడు చేసుకోగల పని. గది స్లాబుకు, దూలానికి కాదు. నీటి జాడ ముందు వెతకాలన్న సూత్రం మాత్రం ఇక్కడా మారదు. పైన నీరు నిలవకుండా చేయనంతవరకు కింద ఏం చేసినా నిలవదు.

చేయి పెట్టకూడనివి

కరెంటు పని అందులో మొదటిది. చెక్క బద్దీల మీద నడిచిన పాత వైరింగులో ఎర్తు తీగ ఉండదు, రబ్బరు తొడుగు పెళుసెక్కి చేత్తో ముట్టుకుంటేనే రాలుతుంది. రెండు ఫ్యాన్లకూ నాలుగు బల్బులకూ వేసిన ఆ తీగల మీద ఒకటిన్నర టన్నుల ఏసీ, గీజరు పెట్టడం నిప్పుతో ఆట. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో వైరింగు కొత్తగా చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. గోడలో అడ్డంగా గాడి కొట్టనివ్వకుండా పైపు గోడ మీదే వేయమని అడగడం మన వంతు. హాలు పెద్దదవుతుందని మధ్య గోడ తీసేయడం రెండోది. పాత ఇంట్లో దాదాపు ప్రతి గోడా పైకప్పును మోస్తుంది. మూడోది కంటికి కనిపించని దుమ్ము. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు తలుపులకు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఎంతైనా ఉండవచ్చు. వాటిని పొడిగా గీకినా, మంట పెట్టి కాల్చినా ఆ దుమ్ము, పొగ పిల్లల మెదడుకు హాని చేస్తాయి. తడిపి గీకి, మాస్కు పెట్టుకుని, తుడిచిన గుడ్డతో సహా మూటకట్టి పారేయాలి. వంటింటి చావిడి మీది ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులను కోయడం, వాటికి రంధ్రాలు చేయడం అసలే వద్దు. ఆ నార ఊపిరితిత్తుల్లోకి వెళితే క్యాన్సరుకు దారితీస్తుంది.

ఇంత ఎందుకు, పడగొట్టి కట్టుకుంటే పోదా అనేవారున్నారు. కొన్ని ఇళ్ళకు అదే సరైన దారి. పునాది కుంగుతూనే ఉన్నా, దూలాల కొసలు ఒకటీ రెండూ కాక అన్నీ పోయినా, మట్టి గోడ అడుగు తడికి కరిగి డొల్లయిపోయినా ఆ కప్పు కింద మనుషులు పడుకోకూడదు. కానీ పడగొట్టే నిర్ణయాలు చాలావరకు ఇలాంటి ఇళ్ళ మీద జరగడం లేదు. గోడ మీద నెమ్ము, కప్పులో రెండు చోట్ల కారడం, పొంగిన రంగు, వీటిని చూసి ఇల్లు పాతబడిపోయిందని తేల్చేస్తున్నారు. ఆ లక్షణాల వెనక ఉన్నది తూములో ఇరుక్కున్న చెత్తో, వాకిలి సిమెంటో అయి ఉండవచ్చు. ఇప్పుడు కొందామన్నా దొరకని టేకు దూలాలు, రెండడుగుల గోడల చల్లదనం, గాలి నడిచే మండువా, వీటిని వదులుకునే ముందు ఒక్క వానాకాలం గొడుగు పట్టుకుని చూడటం ఎక్కువ అడగడం కాదు. స్థలం విలువ కోసం అమ్ముకోవలసిన అవసరం ఒక కుటుంబానికి ఉంటే అది వేరే లెక్క. ఆ అవసరానికి గోడ నెమ్మును సాకుగా చూపించకూడదు.

మొదలుపెట్టే కాలం కూడా చూసుకోవాలి. కప్పు పనులు తొలకరికి ముందు అయిపోవాలి. సున్నం పనికి మే నెల ఎండ పనికిరాదు, పూత గట్టిపడక ముందే ఎండి పొడిగా రాలుతుంది. వానలు వెనకబట్టాక, కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఉండే మెత్తటి ఎండ దానికి అనువు. మొదటి పూత వీధి గోడ మీద వేయకుండా దొడ్డివైపు గోడ మీద రెండడుగుల చదరంలో వేసి చూడండి. పక్కనే ఇంకో రెండడుగుల్లో పాళ్ళు మార్చి వేయండి. ఇసుక ఎక్కడిది, సుర్కీ ఎంత, ఏ తేదీన పూశారు అన్నది ఆ చదరం పక్కనే పెన్సిలుతో రాసి ఉంచితే, ఒక వానాకాలం తడిసి ఆరాక ఏది నిలిచిందో తెలుస్తుంది. తర్వాత మిగతా గోడకు మేస్త్రిని పిలిచినా ఆ రాతను చూపించి అదే కలపమని అడగవచ్చు.